సునీత దిగిన స్టాపు

తాడేపల్లిగూడెంలో మా చెల్లెలి అల్లుడు పోతే చర్చివాళ్లు పెట్టిన ఆదరణ కూడికకి బయల్దేరానండి. సునీతని, అంటే దెందులూరు బడిలో టీచరుగా చేసే మా చెల్లెలి కూతుర్ని, అతను బండి మీద బడికి దింపబోతుంటే ఆ ఊరి దగ్గరే హైవే మీద లారీ గుద్దింది. అతను పోయాడు, పిల్ల బతికింది. అది మొదలు వీధి గుమ్మం దాటలేదన్నారు. కొన్నాళ్లు నా దగ్గరుంచుకుందామని వెళ్లాను.

తెల్లారకుండానే మా కొల్లేటి లంక నుంచి పడవ నేనే తోసుకుని గట్టుకొచ్చాను. మా ఆయన్ని మింగింది ఈ నీళ్లే కదండీ, గాలివానకి పడవ తిరగబడి. మొదటి బస్సుకి ఏలూరొచ్చి, స్టేషను బయట ఇడ్లీ తిని పాసింజరెక్కాను. మీరెళ్లినా అదే ఎక్కండి, కూర్చోడానికి చోటుంటుంది. పక్కనున్నావిడ నా సంగతి విని, "ఆయన పోబట్టే మీరింత గట్టిపడ్డారండీ" అంది. మెచ్చుకున్నాననుకుంది.

"ఆయనుంటే మెత్తగానే ఉండేదాన్నండీ. నాకదే బాగుండేది" అన్నాను. ఆవిడ కిటికీ వైపు తిరిగింది.

కూడికలో, భర్త పోయి నిలదొక్కుకున్నవాళ్లని లేపి సాక్ష్యం చెప్పించడం మాలో ఆనవాయితీ. పాస్టరమ్మగారు నన్ను లేపారు. సునీత తెల్లచీరలో చాప మీదుంది. తిందా, ఏడ్చిందా అని దాని మీదే గుసగుసలు.

"ప్రభువు తోడున్నాడు, కాదనను. కానీ గాలి లేస్తే ఇప్పటికీ నా చేతులు వణుకుతాయి. వణుకుతూనే పడవకి గడ వేస్తాను" అని కూర్చున్నాను. ఆమెన్ అనాలో వద్దో ఎవరికీ తోచలేదు. సునీత తలెత్తి చూసింది.

పిల్లని నాతో తీసుకెళ్తానంటే, అప్పుడే రోడ్డెక్కితే నలుగురూ ఏమంటారు వదినగారూ అని వాళ్లత్తగారు నసిగారు. అంటే నన్ననమనండి అన్నాను. మర్నాడు పొద్దున్నే పిల్ల ఆకుపచ్చ చీర కట్టుకుని వచ్చింది. రైలొద్దు, బస్సెక్కుదామంది. బస్సు హైవే మీదే కదా పోయేది, అయినా దాని వెనకే ఎక్కాను.

భీమడోలు దాటాక చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకోమన్నాను. మూసుకోలేదు. ఆ చోటొస్తే చూసింది. కన్నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. దెందులూరు స్టాపులో లేచి నిలబడింది.

"నేను దిగిపోతాను పెద్దమ్మా. పిల్లలు అ ఆల దగ్గరే ఆగిపోయుంటారు."

"పది రోజులు నా దగ్గరుండి, తేరుకున్నాక వెళ్లమ్మా."

"నువ్వు తేరుకున్నాకే పడవెక్కావా?"

అందరూ దాన్ని పగిలిన కుండలా చూస్తున్నారని తిట్టుకున్నానా, నేనూ చూసింది అలాగే. చెయ్యి వదిలేశాను. దిగింది. ఓ క్షణం ఆగింది, మళ్లీ నడిచింది. బడి గేటు దగ్గర పిల్లలు టీచరుగారొచ్చారని అరుస్తుంటే బస్సులో నేనొక్కదాన్నే నవ్వుకున్నాను.

ఏలూరులో పులుసన్నం కడుపునిండా తిని, పొద్దు వాలకుండా లంక చేరాను. ఈ దారిలో చాలాసార్లు తిరిగాను గానీ ఇంత తేలిగ్గా ఎప్పుడూ రాలేదు. రేవులో ఆడవాళ్లు చుట్టూ చేరి, పాపం ఆ అమ్మాయి ఎలా ఉందండీ అని అడిగారు.

"పాఠం చెబుతోందండీ" అన్నాను.