కళ్లద్దాలు తీసే సారు

మా అడవి దారి బస్సు కిటికీలు ఎండాకాలం తెరుచుకోవు, వానాకాలం మూసుకోవు. ఈ సంగతి మీద నేను డిపోకు రాసిన ఉత్తరానికి ఇంకా జవాబు రాలేదు.

ఆ బస్సులోనే మా ఇంగ్లిష్ సారు డిగ్రీ చదివే మా ఐదుగురిని జూలూరుపాడు అవతలి అడవికి తీసుకెళ్లారు. అందం అనే మాట వస్తే చాలు, ఆయన కళ్లద్దాలు తీసేసేవారు. "మనం చూసేది దాని నీడనే. అసలుది కనపడదు," అనేవారు. ఆ అసలుదాన్ని ఒక్కసారి చూసి రిటైరవ్వాలని ఆయన కోరిక. మాకు అటెండెన్స్ చాలు.

అక్కడ ఇప్పపూలు ఏరుతున్న ఒక అవ్వ ఎందుకొచ్చారని అడిగితే, కనపడనిదాన్ని సారుకు చూపించడానికన్నాం. అవ్వ నవ్వలేదు.

పూసిన మోదుగుల ముందు సారు అద్దాలు తీసి నా చేతికిచ్చారు. పిట్టలు ఊరుకున్నాయి. గాలి లేదు. ఒక చెట్టు నీడ మాత్రం ఆయన వైపు జరిగింది. నీడలు జరగడం మామూలే, కానీ అంత తొందరగా కాదు.

"అదిగో," అన్నారు సారు. మరుక్షణం అద్దాలు లాక్కుని పెట్టుకున్నారు. వేళ్లు వణుకుతున్నాయి. ఆ తర్వాత ఏ క్లాసులోనూ ఆయన వాటిని తీయలేదు.

ఆ రోజు అవ్వ మాత్రం పూలు ఏరుతూనే నన్నడిగింది:

"చూస్తనని వచ్చిండు, చూసిండు. ఇగ వణుకుడెందుకు బిడ్డా?"