స్టోర్ రూం బయట చెప్పులు

కూచో ముందు. ఆ ఫోను పక్కన పెట్టి సరిగ్గా విను, మధ్యలో లేచావంటే మళ్ళీ చెప్పను. స్పెయిన్‌లో సెవిల్ అనే ఊరు, అక్కడి చర్చిల సంగతి కదా నీకు కావాలి? చూశాను. కానీ ఆ ఊరి గురించి చెప్పాలంటే నాకు కువైటే గుర్తొస్తుందే అమ్మలూ.

కువైట్‌లో సల్వా అనే పేటలో ఒక కువైటీ వాళ్ళింట్లో పనిచేసేదాన్ని. ఇంటావిణ్ణి మామా అని పిలిచేదాన్ని, అక్కడ అమ్మగారిని అలాగే అంటారు. ఎండాకాలం వాళ్ళంతా స్పెయిన్ వెళ్ళేవాళ్ళు. ఒక ఏడాది చంటిపిల్లని ఎత్తుకోడానికి నన్నూ తీసుకెళ్ళారు. ఆ ఊళ్ళో పెద్ద చర్చి ఉంది చూడు, మన చర్చిలు పాతిక పడతాయి లోపల. మనం చెప్పులు బయట విడుస్తాం కదా, నేనూ అలాగే గుమ్మం దగ్గర విడిచేసి పిల్లని చంకనేసుకుని లోపలికెళ్ళిపోయాను. కాపలా మనిషి నా చెప్పులు చేత్తో పట్టుకుని వెనకాలే పరిగెత్తుకొచ్చాడు!

మామా కడుపు పట్టుకుని నవ్వింది. "ఒకప్పుడు ఇది మా మసీదేలే. అప్పుడైతే నువ్వు చేసింది సరైన పనే" అంది.

అక్కడి గంటల గోపురానికి మెట్లుండవు, వాలుగా పైకి దారి. పూర్వం గుర్రాల మీద ఎక్కేవాళ్ళంట. మర్నాడు మ్యూజియంకెళ్తే మళ్ళీ చెప్పులు విడిచాను. గోడల నిండా మరియమ్మ బొమ్మలుంటే చర్చే అనుకోనూ? "ఇక్కడ కూడానా!" అని మామా నెత్తి కొట్టుకుంది. వచ్చేటప్పుడు నాకో కార్డు కొనిచ్చింది. చెంపల మీద గాజు కన్నీళ్ళున్న మరియమ్మ విగ్రహం ఫొటో దాని మీద.

కువైట్ వచ్చాక ఆ కార్డుని మెట్ల కింద స్టోర్ రూంలో, బియ్యం బస్తాల పైన గోడకి అంటించుకున్నాను. రోజూ అక్కడే ప్రార్థన. చెప్పులు మాత్రం తలుపు బయట.

మరుసటేడు పిల్ల నడుస్తోంది కదా అని నన్ను ఇంటి దగ్గరుంచి వెళ్ళారు. అప్పుడే ఇరాక్ సైన్యం దిగింది. మామా వాళ్ళు స్పెయిన్‌లో, ఫోన్లు పనిచెయ్యవు, అంత ఇంట్లో నేనొక్కదాన్నే. ఇళ్ళల్లోకి దూరి దొరికింది పట్టుకుపోతున్నారని, ఒంటరిగా ఆడమనిషి కనబడితే వదలట్లేదని చెప్పుకునేవాళ్ళు.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం పక్కింట్లో పనిచేసే కడప పిల్ల గోడ మీంచి అరిచింది. "అక్కా, వచ్చాండారు! యాడన్నా దాంకో!"

"మరి నువ్వో?"

"మా ఇంట్లో శానామంది ఉండారు. నువ్వు పో ముందు!"

గేటు విరిగిన చప్పుడు. ఒకటే పరుగు, స్టోర్ రూంలో దూరి తలుపేసుకుని బస్తాల వెనక నక్కాను. బూట్లు మెట్లెక్కుతున్నాయి, సరిగ్గా నా నెత్తి మీద. అప్పుడు అరికాళ్ళకి నేల చల్లగా తగిలింది. చెప్పుల్లేవు! అంత భయంలోనూ అలవాటు మానలేదు చూడు, తలుపు బయట విడిచేసి వచ్చాను, రెండూ పక్కపక్కన బుద్ధిగా!

తలుపు తీస్తే చప్పుడవుద్ది. తియ్యకపోతే, ఇదిగో ఇక్కడున్నానని నేనే చెప్పినట్టు. చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. బూట్లు దిగొచ్చాయి. తలుపు దగ్గర ఆగాయి.

తలుపు తెరుచుకుంది. నెరిసిన మీసాలాయన, చేతిలో తుపాకీ. నన్ను చూశాడు. గోడ మీద కార్డు చూశాడు. బయట్నించి ఇంకొకడు ఏదో అడిగాడు. ఈయన నా మీంచి చూపు తిప్పకుండానే, ఆ చెప్పులు రెండూ బూటుతో లోపలికి నెట్టి, "మాకూ!" అని అరిచాడు. అరబ్బీలో ఏం లేదు అని. తలుపు మూసేశాడు.

ఎందుకలా చేశాడో నాకు తెలీదు. వాళ్ళ బండి వెళ్ళిపోయాక కూడా బస్తాల వెనకే ఉండిపోయాను. ఆ పక్కింటి పిల్లే వచ్చి నాకు చెప్పులు తొడిగింది. అందుకే ఇప్పటికీ చర్చి గుమ్మం దగ్గర చెప్పులు విడిచేటప్పుడు నేను ఒక్క క్షణం ఆగుతాను చూడు, మీ అమ్మ మోకాళ్ళ నొప్పి అనుకుంటుంది గానీ, అసలు నాకు ఆ తలుపు అవతల ఆగిన బూట్ల చప్పుడు—

"అత్తయ్యా! పులుసు చల్లారిపోతోంది, ఇద్దరూ రండి!"