సొరకాయ బుర్రలో నీళ్ళు

అరవైల మొదట్లో, వానలు ముఖం చాటేసిన ఏడు, మా జైనుల పాత గుడి, బసది చూడాలని గుంటూరు నుంచి కంబదూరు వెళ్ళాను. తీర్థంకరుడికి మొక్కుకుని బయటికొచ్చేసరికి దాహంతో నాలుక పిడచగట్టుకుపోయింది.

గోడ నీడలో కూర్చుని గొర్రెలు కాస్తున్న ఒక అవ్వ తన సొరకాయ బుర్ర అందించింది. నేను వెంట ఉంచుకునే నూలుగుడ్డ అడ్డంపెట్టి, నీళ్ళు నా చెంబులోకి వడగట్టుకుని తాగాను.

“ఏమప్పా, మా నీళ్ళు అంత మురికిగా ఉండాయా?” అంది.

“కాదవ్వా. నీళ్ళలో కంటికి కనపడని ప్రాణులుంటాయి. గుడ్డలో చిక్కినవాటిని ఆ నీళ్ళు తెచ్చిన బావిలోనే తిరిగి వదలాలి. మా ఆచారం అది.”

బావి ఎక్కడని అడిగితే రెండు మైళ్ళంది. నా బస్సుకు వేళవుతోంది. ఎవరు చూడొచ్చారులే అని గుడ్డను నేలమీద దులపబోయాను.

అవ్వ గబుక్కున నా చెయ్యి పట్టుకుంది. “ఈ ఎండకు సచ్చిపోవా అవి? ఈ బుర్రలో జాడించు. పొద్దు వాలినాక గొర్లను ఆ బాయి కాడికే తోలుకపోతా. ఆడ ఇడిసిపెడతాలే.”

బుర్రలో ఇక కాసిని నీళ్ళే మిగిలాయి. “మరి నువ్వేం తాగుతావు?”

“బాయి కాడ తాగుతా. అంతదాకా వాటి నీళ్ళు వాటికుండనీ.”

ఇప్పుడు ఇంట్లో కుళాయి నీళ్ళు వడగట్టుకుంటున్నాను. గుడ్డ జాడించబోయేసరికి, ఏ బావికి చేర్చాలో తెలియక నా చెయ్యి ఆ బుర్ర కోసం వెతుక్కుంటుంది.