ఐసు గడ్డల మధ్య నా భర్తను కాచిన దేవుడు

సహోదరులారా, మా ఇంట్లో మొదట పోయింది గొంతు. అది ప్రాణం మీదకు వచ్చిన జబ్బని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది! నా భర్త దానియేలుగారు యానాం రేవులో పడవ నడిపేవారు, ఆయన కేకేస్తే గోదావరి అవతల ఎదుర్లంక ఒడ్డున వినపడేది, అలాంటి మనిషి గొంతు బొంగురుపోయింది, మిరియాల కషాయం పోశాను, తేనె నాకించాను, తగ్గలేదు, పైగా వీపులో పోటు మొదలై ఒకరోజు పడవ మోకు లాగుతూనే కూలబడిపోయారు. కాకినాడలో ఎక్స్‌రే తీసిన డాక్టరుగారు, గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం బుడగలా ఉబ్బి గొంతు నరాన్ని నొక్కుతోందని, అది పగిలితే మనిషి దక్కడని, వెంటనే మద్రాసు తీసుకెళ్లమని చెప్పారు.

మద్రాసులో ఆపరేషను చేసే డాక్టరుగారికి దేవుని దయవల్ల తెలుగు వచ్చు.

“మెదడుకు రక్తం వెళ్లే దారులు ఆ ఉబ్బిన చోటునుంచే బయలుదేరతాయమ్మా. దాన్ని కోసి, గుడ్డతో నేసిన గొట్టం కుట్టాలంటే కాసేపు రక్తం పారడం పూర్తిగా ఆపాలి. అందుకని ఒళ్లంతా చల్లబరిచి, తల చుట్టూ ఐసు పెడతాం” అన్నారు.

నేను చేపలమ్ముకునేదాన్ని, ఐసు మాట వినగానే అడిగేశాను.

“ఐసెట్టేది చచ్చిన చేపలకి కదండీ బాబూ! బతికున్న మనిషి తలకెట్టడమేంటండీ?”

ఆయన నవ్వలేదు, నా పక్కనే కూర్చున్నారు.

“చల్లబడితే మెదడు నిద్రపోయినట్టే ఉంటుంది. దానికి రక్తం అవసరం బాగా తగ్గి, కాసేపు ఓర్చుకుంటుంది. అయినా మీ దగ్గర దాచను. లేచాక మిమ్మల్ని గుర్తుపట్టకపోవచ్చు, కాలూ చెయ్యీ పడిపోవచ్చు.”

మంచం మీదినుంచి నా భర్త ఆ బొంగురు గొంతుతోనే, “ఒప్పేసుకోయే సువార్తా. ప్రభువు చేతిలో ఎట్టేద్దాం” అన్నారు.

ఆయన్ని లోపలికి తీసుకెళ్లాక నేను వరండాలో మోకాళ్లమీద పడ్డాను, ఇక్కడ కనకాలపేటలో మీరంతా ఉపవాసముండి ప్రార్థిస్తున్నారని తెలుసు, అదే నాకు బలం! “ప్రభువా, ఆయన తలను నీ అరచేతిలో పెట్టుకో. నన్ను మరిచిపోయిన మనిషిని ఇచ్చినా సాక్కుంటాను, నిన్ను మరిచిపోయిన మనిషిని మాత్రం ఇవ్వకు తండ్రీ” అని ఏడ్చాను.

డాక్టరుగారు బయటికి వచ్చి, గొట్టం కుట్టామని, ఒళ్లు వెచ్చబడగానే గుండె మళ్లీ కొట్టుకుందని, మెదడు సంగతి మాత్రం మెలకువ వస్తేగాని చెప్పలేమని అన్నారు. ఆ రోజు కళ్లు తెరవలేదు. మర్నాడు తెరిచారు గాని, గోడను చూసినట్టు నన్ను చూశారు! పేరు పెట్టి పిలిచినా పలుకు లేదు. ప్రభువా, ఆ మాట నేనే అన్నాను, భరించే శక్తి కూడా నువ్వే ఇవ్వు అనుకుంటూ ఆయన పాదాలు పట్టుకుని కూర్చున్నాను.

ఆ మర్నాటి ఉదయం డాక్టరుగారు వంగి, “దానియేలూ, ఈమె ఎవరు?” అని అడిగారు. ఆయన నావైపు చాలాసేపు చూశారు, పెదవులు కదిలాయి.

“మా సువార్తండి... ఏడుత్తన్నావేంటే? ఏవన్నా తిన్నావా?”

హల్లెలూయా అని నేను వేసిన కేకకు నర్సులు పరుగెత్తుకొచ్చారు! డాక్టరుగారు కుడిచెయ్యి ఎత్తమన్నారు, ఎత్తారు, ఎడమచెయ్యి ఎత్తమన్నారు, అదీ ఎత్తారు, ఇక చాలు దించమన్నా దించకుండా, రెండు చేతులూ పైకెత్తి ప్రభువును స్తుతిస్తూనే ఉన్నారు! దేవునికే మహిమ!

నొక్కుకుపోయిన నరం కోలుకోలేదు, గొంతు ఇంకా బొంగురే, అయినా ఆ బొంగురు గొంతుతోనే మా ఇంట్లో ప్రతి పూటా ప్రార్థన జరుగుతోంది. ఆ డాక్టర్ల చేతులకు నేర్పునిచ్చినవాడికి, చల్లబడిన దేహంలో వెలుగు ఆరకుండా కాచినవాడికి నా స్తోత్రాలు.

ప్రియులారా, మీ ఇంట్లో ఎవరైనా మంచం పట్టి ఉంటే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి, ప్రభువును నమ్మండి, రెండింటిలో ఏదీ మానకండి. నా మాట మీద అనుమానముంటే, అదిగో, మూడో వరుసలో కూర్చున్నారు నా భర్త. దగ్గరికెళ్లి నిలబడండి, మిమ్మల్ని పేరు పెట్టి పిలుస్తారు!