ఓడల పుస్తకాల వెనక దాచిన వాల్యూము

దయ్యాలంటే మా ఇంట్లో ఎవరికీ లెక్కలేదు. మా నాన్న విశాఖ పోర్టులో క్రేను నడిపేవాడు. రాత్రి డ్యూటీలో ఏదో కనబడిందని తోటివాళ్ళు చెబితే, కునుకు తీసేవాళ్ళకి అలాంటివే కనబడతాయి అనేవాడు. అమ్మ ప్రతి ఆదివారం మమ్మల్ని చర్చికి తీసుకెళ్ళేది గానీ దయ్యం కథలు మాత్రం ఇంట్లో చెప్పనిచ్చేది కాదు. పైగా నేను చదివింది సైన్సు. ఇప్పుడు చెప్పబోయేది నమ్మమని ఎవర్నీ అడగను. నమ్మడం నాకే ఇష్టం లేదు.

ఇది డెబ్బయ్యో దశకం చివరి మాట. పోషకాహారంలో ఎమ్మెస్సీ అయిపోయి, నేనూ పార్వతీ ఒకే మేడమ్ దగ్గర రీసెర్చిలో చేరాలని చూస్తున్నాం. ఉన్న ఫెలోషిప్ ఒక్కటే. పోర్టు కూలీల ఇళ్ళలో ఆడవాళ్ళకి రక్తం ఎందుకు పట్టడం లేదు, వాళ్ళ తిండిలో ఉన్న ఇనుము ఒంటికి ఎంత అందుతోంది అన్నది విషయం. దాని మీద అంతవరకూ జరిగిన పనంతా లైబ్రరీలో వెతికి చెరో రివ్యూ రాసి బుధవారానికి ఇవ్వండి, బాగున్నవాళ్ళని తీసుకుంటాను అన్నారు మేడమ్.

పార్వతిది విజయనగరం అవతల పల్లెటూరు. రైతుల పిల్ల. నాకు ఆ అమ్మాయంటే కుళ్ళు. ఈ వయసులో ఇంకా దాచుకోవడం ఎందుకు? మేడమ్ చోళ్ళ మాటెత్తితే, అవి రాగులనీ, పూర్ణా మార్కెట్లో వాటిని కుప్పలు పోసి అమ్ముతారనీ తప్ప నాకేమీ తెలిసేది కాదు. పార్వతి మాత్రం అంబలి ఎంతసేపు పులియబెడతారో, అందులోకి ఏం నంజుకుంటారో, కడుపుతో ఉన్నవాళ్ళు ఏం మానేస్తారో వరసగా చెప్పుకుపోయేది. మేడమ్ పెన్ను కింద పెట్టి వినేవారు. నేను మాట్లాడుతుంటే ఆవిడ ఎప్పుడూ పెన్ను కింద పెట్టలేదు.

అప్పటి వెతుకులాట ఇప్పటివాళ్ళకి తెలియదు. ఏడాదికొకటి చొప్పున ఇటుకంత లావు వాల్యూములు ఉండేవి. ఎవరు ఏ పత్రికలో ఏం రాశారో అందులో మూడు నాలుగు వాక్యాల్లో ఇచ్చేవారు. వెనక సూచికలో ‘ఇనుము’ దగ్గర నంబరు పట్టుకుని, లోపల పేజీ తీసి, పనికొచ్చేది చిన్న కార్డు మీద రాసుకోవాలి. అసలు వ్యాసం మా లైబ్రరీలో లేకపోతే, రాసినాయనకే ఒక ప్రతి పంపమని పోస్టుకార్డు వెయ్యాలి. ఆ వాల్యూముల్ని ఇంటికి ఇచ్చేవారు కాదు.

పార్వతికి ఒక అలవాటుండేది. హాస్టల్ గదిలో రోజుకో కాగితం చింపే కేలండరు పెట్టుకుంది. పొద్దున్నే నిన్నటి కాగితం చింపి లైబ్రరీకి తెచ్చేది. దాని వెనక విషయమూ పేజీ నంబరూ రాసి పుస్తకంలో పెట్టేది. నేను ఏ వాల్యూము తెరిచినా ఆ కాగితాలే. నాకంటే ముందే చదివి వెళ్ళానని నాకు చెప్పడానికే పెట్టిందా అని ఒళ్ళు మండేది.

ఆ గురువారం కొత్త వాల్యూము ఒకటి బైండింగు నుంచి వచ్చింది. పార్వతి భోజనానికి వెళ్ళింది. ముందు నాకే దొరికింది. గంటసేపు చూశాను. నాకు కావలసినవి అందులో చాలా ఉన్నాయని అర్థమైంది గానీ, అవన్నీ ఏరడానికి ఒక రోజైనా పడుతుంది. ఆమె వచ్చే వేళయింది. దాన్ని తీసుకెళ్ళి, ఎవరూ పోని చివరి అలమారలో, ఓడ ఇంజన్ల పుస్తకాల వెనక గోడకి ఆనించి పెట్టేశాను. రీసెర్చి చేసేవాళ్ళలో ఈ పని చేసినదాన్ని నేనొక్కదాన్నే కాదు. అయినా తప్పు తప్పే.

పార్వతి సాయంత్రం దాకా వెతికింది.

“ఏటే రూతూ, కొత్త వాల్యూము నీకు గానీ కనిపించిందేటి?”

లేదన్నాను. లైబ్రరీ అటెండరు సింహాచలం గారు, పెద్దాయన, ఆమెతో పాటు ప్రతి అరా చూశారు. “పొద్దున్న నానే ఎట్టానమ్మా ఇక్కడ. ఎక్కడికెల్లిపోనాదో మరి,” అన్నారు. నేను తల వంచుకుని కార్డులు రాస్తూ కూర్చున్నాను. లోపల ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

శుక్రవారం పొద్దున్న తెలిసింది, పార్వతికి రాత్రే జ్వరం తగిలిందని, పని మీద విశాఖ వచ్చి ఉన్న వాళ్ళన్నయ్య మొదటి బస్సుకి ఊరు తీసుకెళ్ళాడని. పచ్చకామెర్లు. అయ్యో అనైనా అనుకోలేదు నేను.

శుక్ర, శనివారాలు మేడమ్ నన్ను రక్తపరీక్షల కోసం పోర్టు కాలనీకి తిప్పారు. ఆదివారం లైబ్రరీకి సెలవు. ఆ ఫెలోషిప్ నాకే రావాలని చర్చిలో ప్రార్థన చేశాను. సోమవారం తలుపు తీసేసరికి గుమ్మంలో ఉన్నాను.

వాల్యూము నేను పెట్టినచోటే, పెట్టినట్టే ఉంది. దాంట్లోంచి మూడు కాగితాలు పైకి కనబడుతున్నాయి.

కేలండరు కాగితాలు. శుక్రవారం, శనివారం, ఎర్రంకెతో ఆదివారం.

వెనక పార్వతి రాత. ఏడు అంకె నడుం మీద అడ్డగీత గీసే అలవాటు మా బ్యాచ్‌లో ఆమెకొక్కదానికే ఉంది. ‘చోళ్ళలో ఇనుము, 317’ అని మొదటిదాని మీద ఉంది. ‘భోజనంతో టీ, 472’ అని రెండోదాని మీద. ఆదివారం కాగితం మీద నంబరు లేదు. ‘రూతు చూశాక దీన్ని దాని చోట పెట్టాలి’ అని మాత్రం ఉంది.

వెళ్ళి సింహాచలం గారిని అడిగాను, నిన్న ఎవరైనా లైబ్రరీ తీయించుకున్నారా అని.

“తాళం నా మొలతాడుకే ఉంటాదమ్మా. నిన్న నాను ఊర్లోనే లేను.”

అప్పుడైనా బుద్ధి రావాలి. రాలేదు. ఆ రెండు పేజీలూ తీశాను. నా రివ్యూలో ఎక్కడ ఖాళీ ఉందో అక్కడికి సరిపోయేవే. కార్డుల మీద ఎక్కించుకుని, కాగితాలు సంచిలో వేసుకుని, వాల్యూముని మళ్ళీ ఓడల వెనకే పెట్టాను. ఆ మూడో కాగితం చదివాక కూడా.

పార్వతి మంచం మీద నుంచే సగం రాసిన రివ్యూ వాళ్ళన్నయ్యతో పంపింది. బుధవారం మేడమ్ నాది చదువుతూ రెండు చోట్ల పెన్ను కింద పెట్టారు. అవే రెండు చోట్లు. ఫెలోషిప్ నాకొచ్చింది. ఆ సాయంత్రం వాల్యూముని దాని చోట పెట్టాను.

నెల తర్వాత పార్వతి తిరిగొచ్చింది. కళ్ళలో ఇంకా పసుపు పోలేదు. సామాను పట్టుకుని నేనూ హాస్టలుకి వెళ్ళాను. గది తాళం నా ఎదురుగానే తీసింది. గోడ మీద కేలండరు ఆ గురువారం దగ్గరే ఆగి ఉంది. నేను దగ్గరికెళ్ళి కాగితాలు ఎత్తి చూశాను. శుక్రవారం ఉంది. శనివారం ఉంది. ఎర్రంకె ఆదివారమూ ఉంది. ఒక్కటీ చిరగలేదు.

ఇంక ఆగలేక సంచిలోవి తీసి, కొత్త వాల్యూములో దొరికాయని ఆమె చేతిలో పెట్టాను. పక్కపక్కన పెట్టి చూశాం. అదే అచ్చు, అదే సైజు.

“రాత నాదే,” అంది. “కానీ నాను రాయలేదే. ఎక్కడ దొరికిందా వాల్యూము?”

చెప్పాను. ఎవరు దాచారో కూడా చెప్పాను. కాగితాలు ఒకదాని మీద ఒకటి సర్దింది.

“జొరంలో ఆ మూడ్రోజులూ నీ పేరే కలవరించానంట. మా వదిన సెప్పింది. నాకేటీ గుర్తు లేదు.” కాగితాలు నా చేతిలోనే పెట్టేసింది. “నీకే రాసున్నాది కదే. ఉంచుకో.”

ఒక్క మాట తిట్టలేదు. తర్వాత ఊరి దగ్గర హైస్కూల్లో టీచరుగా చేరింది. నేను రీసెర్చి చేసి, పాఠాలు చెప్పి, రిటైరయ్యాను. ఆ మూడు కాగితాలూ ఇప్పటికీ నా బైబిల్లో ఉన్నాయి. తాళం వేసిన లైబ్రరీలోకి, అంతకుముందు ఆమె ఒక్కసారైనా తెరవని పుస్తకంలోకి అవి ఎలా వచ్చాయో ఎన్ని విధాల ఆలోచించినా నాకు అంతుపట్టలేదు.

అవి తీసి చూసినప్పుడు భయం వేస్తుంది, సిగ్గూ వేస్తుంది. కానీ వాటికంటే ముందు వచ్చేది వేరే. ఒళ్ళు తెలియని జ్వరంతో మంచం మీద పడుండి కూడా, ఆ పేజీలు నాకంటే ముందు తనే చూసింది. దానికి నాకు ఇప్పటికీ కుళ్ళే.