సాక్షి కుర్చీ అక్కర్లేదన్నాడు

1978 జూన్‌లో నన్ను విశాఖపట్నం డివిజనల్ ఆఫీసుకి బదిలీ చేసి, మోటారు థర్డ్ పార్టీ విభాగం అప్పజెప్పారు. హోదా అసిస్టెంట్ అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరు. పేరు పొడుగ్గా ఉన్న ఉద్యోగాలకి గది చిన్నదిగా ఉంటుందని అప్పటికే అనుభవం మీద తెలుసు. ఈసారి గది కూడా లేదు. రెండు బీరువాల మధ్య ఒక బల్ల వేశారు.

థర్డ్ పార్టీ అంటే ఏమిటని బంధువులు అడిగేవారు. బీమా ఒప్పందంలో మొదటి పక్షం కంపెనీ, రెండో పక్షం లారీ యజమాని. మూడో పక్షం ఆ లారీ కింద పడ్డవాడు. ఒప్పందంలో అతని సంతకం ఉండదు. లారీతో అందరికన్నా దగ్గరి పరిచయం మాత్రం అతనిదే. దెబ్బ తగిలినందుకు నష్టపరిహారం కావాలంటే అతను మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో, అంటే జిల్లా జడ్జి గారి ముందు, దరఖాస్తు వేసుకోవాలి. అప్పుడు మాకు నోటీసు వస్తుంది. ఫైలు తెరిచి, చివరికి ఎంత కట్టవలసి వస్తుందో ఒక అంచనా వేసి రాసుకుంటాం. దాన్ని రిజర్వు అంటారు. ఆపైన ఆ రిజర్వు కన్నా ఎంత తక్కువ కడితే నేను అంత బాగా పనిచేసినట్టు లెక్క. నేను ఆర్థికశాస్త్రంలో ఎం.ఏ. చదివాను. మోకాలి కింద ఎముక విలువ ఎంతో ఆ సిలబస్‌లో లేదు. ఇక్కడే నేర్చుకున్నాను.

పైడిరాజు కేసు నా దగ్గరికి వచ్చేసరికి ప్రమాదం జరిగి ఏడాదయింది. అతను గోపాలపట్నం వైపు ఉండే కళాసీ. వయసు ముప్ఫై ఆరో, ముప్ఫై ఎనిమిదో. గోడౌన్లలో బస్తాలు మోసే పని. ఓ సాయంత్రం సైకిలు మీద ఇంటికి వెళుతుంటే, పోర్టు నుంచి ఎరువుల బస్తాలతో వస్తున్న లారీ ముందున్న బస్సుని దాటబోయి ఇతన్ని రోడ్డు పక్క కాలవలోకి నెట్టింది. ఎడమ కాలు రెండు చోట్ల విరిగింది. నాలుగు నెలలు ఆసుపత్రిలో ఉన్నాడు. అతికిన ఎముక అంగుళమున్నర పొట్టిదైంది. డాక్టరు శాశ్వత వైకల్యం నలభై శాతం అని సర్టిఫికెట్ రాశారు.

నలభై శాతం అంటే అరవై శాతం మిగిలిందని చదివినవాళ్లకి అనిపిస్తుంది. కళాసీ పనిలో ఆ లెక్క కుదరదు. నేల మీంచి లారీలోకి వాలుగా ఒక చెక్క పలక వేస్తారు. యాభై కిలోల బస్తా వీపున వేసుకుని దాని మీద ఎక్కాలంటే రెండు కాళ్లూ ఒకే పొడుగుండాలి. ఆ విషయంలో చెక్క పలక శాతాలు ఒప్పుకోదు. మేస్త్రీ జాలిపడి, చిరిగిన సంచులు కుట్టే ఆడవాళ్ల పక్కన కూర్చోబెట్టాడు. వాళ్లకిచ్చే కూలే ఇచ్చాడు. ముగ్గురు పిల్లలు. అతను నలభై వేలు అడిగాడు. నేను పాతిక వేలు రిజర్వు వేశాను. ఫైలంతా చూస్తే అది న్యాయమైన అంకె అనే అనిపించింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మా వృత్తిలో అలాంటి అభిప్రాయాలు పైకి చెప్పుకునేవి కావు.

1981 నవంబరులో సాక్ష్యం రోజు వచ్చింది. పొద్దుటినించీ ముసురు. కోర్టు వరండా నిండా తడిసిన గొడుగులు, వాటికింద మనుషులు. మా తరఫున వాదించే వకీలు వెంకటరమణ గారు లోపల కూర్చుని కాగితాలు తిరగేస్తున్నారు. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. నా పక్కన ఒకతను వచ్చి, చేతికర్ర మోకాళ్ల మధ్య పెట్టుకుని, ఎడమకాలు చాపుకుని కూర్చున్నాడు. పక్కన భార్య. బంట్రోతుని వాళ్లు అడిగిన కేసు నంబరు విని, పైడిరాజు ఇతనే అని తెలుసుకున్నాను. నేనెవరో అతనికి తెలీదు. తెల్లచొక్కా, చేతిలో ఫైలు. కోర్టు గుమస్తా అనుకున్నట్టున్నాడు.

కాసేపటికి నా వైపు వంగి, గొంతు తగ్గించి అడిగాడు. "బాబూ, ఓ మాట. జడ్జీగారి ముందలకి కర్రట్టుకుని ఎల్లొచ్చేటి? తప్పవుద్దా?"

ఇక్కడ నా పరిస్థితి వివరించాలి. ఎదుటి పక్షం సాక్షితో కేసు గురించి మాట్లాడకూడదు. అది సరైన నియమమే. అందుకని సరైన జవాబే ఇచ్చాను. "మీ ప్లీడరు గార్ని అడుగు" అన్నాను.

"ఆయన కిందకోర్టులో ఉన్నారు బాబూ. పిలిసీసరికి వొత్తాన్నారు."

నేను ఫైలు తెరిచి అందులో చదవడానికేదో ఉన్నట్టు చూశాను.

లోపల్నించి పేరు పిలిచారు. అతను లేచాడు. తలగుడ్డ విప్పి చంకలో పెట్టుకున్నాడు. మోకాళ్ల దాకా ఎగ్గట్టిన పంచె పాదాల దాకా దించాడు. చెప్పులు విడిచాడు. కర్ర తీసుకెళ్లి చెప్పుల పక్కన గోడకి ఆనించాడు.

"కర్రట్టుకెల్లయ్యా! పడిపోతావు" అంది భార్య.

"నోర్ముయ్యే. పెద్దోళ్ల కాడికి కర్రట్టుకెల్తారేటి? దెబ్బలాటకెల్తన్నానా నాను?"

గుమ్మం నుంచి బోను దాకా ఎనిమిది, తొమ్మిది అడుగులుంటాయి. అవి అతను ఎలా నడిచాడో వెనకనే ఉన్నాను గనక చూశాను. పొట్టి కాలి మడమ పైకెత్తి, వేళ్ల మీద మోపుతూ, భుజాలు కదలకుండా నడిచాడు. పెద్దవాళ్ల ముందు కుంటడం కూడా మర్యాద కాదనుకున్నాడు కాబోలు. పంచె కిందదాకా ఉంది గనక మడమ ఎవరికీ కనబడలేదు. బోనులోకి ఎక్కాక నడుం కింద ఏమీ కనబడదు. మన కోర్టు బోన్లు అలాగే కడతారు. కాలు గురించి కేసయినా అంతే.

వెంకటరమణ గారు ఇంకా కాగితాల్లోనే ఉన్నారు. అతని నడక ఆయన చూడలేదు. నేను చీటీ రాశాను: "ఊతం లేకుండా నడిచాడు. అడగండి." రాసి అందించాను. చీటీలు అందించడం నా ఉద్యోగంలో భాగం. ఆ రోజుకి నేను చేసిన పని మొత్తం అదే.

అతని ప్లీడరు ఆయాసపడుతూ వచ్చి, నిలబడిన చోటే ఫైలు విప్పి, ప్రమాదం ఎలా జరిగింది, ఎన్నాళ్లు ఆసుపత్రిలో ఉన్నావు, ఇప్పుడేం చేస్తున్నావు అని అడిగారు. పైడిరాజు ఉన్నదున్నట్టు చెప్పాడు. మధ్యలో జడ్జిగారు, మంచి మనిషే, అతని నుదుటి మీద చెమట గమనించి "కుర్చీ వేయించమంటావా?" అన్నారు.

"వొద్దు బాబూ. తమరి ముందల కూకోడమేటి!"

జడ్జిగారు తలాడించి టైపిస్టు వైపు తిరిగి ఇంగ్లీషులో ఒక వాక్యం చెప్పారు. సాక్షి కుర్చీ అక్కర్లేదన్నాడు, నిలబడే చెబుతానన్నాడు. జవాబులో మొదటి ముక్క రికార్డుకెక్కింది. రెండో ముక్కకి ఇంగ్లీషు దొరకలేదో, అవసరం లేదనుకున్నారో.

ఆ తర్వాత మా వకీలు గారు లేచారు. పెద్దగా కష్టపెట్టలేదు.

"ఇందాక గుమ్మం దగ్గర్నించి ఎవరి సాయం లేకుండానే నడిచొచ్చావు కదూ?"

"సిత్తం."

"అరగంట నించీ నిలబడే ఉన్నావు?"

"సిత్తం బాబూ."

"కుర్చీ ఇస్తామన్నా వద్దన్నావు?"

"సిత్తం."

ప్రతి జవాబుకీ అతను కొంచెం తల వంచాడు. అది వినయం. టైపు కాగితం మీద మూడుసార్లు "నిజమే" అని పడింది. అతని ప్లీడరు గారికి మళ్లీ ప్రశ్నలడిగే హక్కుంది. కాలు చూపించమంటే సరిపోయేది. కానీ ఆయన పొద్దున్నించీ సర్టిఫికెట్‌నే చూశారు గాని మనిషిని చూడలేదు. పైగా కిందకోర్టులో ఇంకో కేసు పిలుస్తున్నారు. "ప్రశ్నలు లేవు" అన్నారు.

బయటికొచ్చాక పైడిరాజు వరండా గోడ పట్టుకుని కర్ర అందుకున్నాడు. తర్వాత భార్యతో, "సూసినావా? జడ్జీగారు నాకు కుర్సీ ఏత్తావన్నారు. నానే వొద్దన్నాను" అన్నాడు. గొంతులో కాస్త గర్వం ఉంది.

ఆమె అతని పంచె ఎత్తి, వాచిపోయిన పాదం చూసి తల కొట్టుకుంది. "కాలు పోయిందని సెప్పుకోడానికొచ్చి, కాలుందని సూపించీసొచ్చినావు కదయ్యా! నీ మరియాద మండిపోను."

ఆ కేసుని అంత క్లుప్తంగా, అంత సరిగ్గా చెప్పినవాళ్లు ఆ రోజు కోర్టులో ఇంకెవరూ లేరు. ఆమెని సాక్షిగా పిలవలేదు.

ఫిబ్రవరిలో తీర్పొచ్చింది. డాక్టరు నలభై శాతం అన్నా, అర్జీదారు ఏ ఆధారం లేకుండా నడవడం, చాలాసేపు నిలబడటం కోర్టు స్వయంగా చూసింది గనక వైకల్యం పదిహేను శాతానికి మించదు, పాత పని మానవలసిన అవసరం ఉందని రుజువు కాలేదు. తొమ్మిది వేలు ఇప్పించారు. మా రీజనల్ ఆఫీసు నుంచి నాకు ఒక ఉత్తరం వచ్చింది. కేసు శ్రద్ధగా నడిపారని మెచ్చుకుంటూ రెండు వాక్యాలు. మూడున్నరేళ్లలో నాకొచ్చిన మొదటి మెప్పు అది.

ఏప్రిల్ మొదట్లో పైడిరాజు ఆఫీసుకొచ్చాడు. తొమ్మిది వేలే ఎందుకొచ్చాయో ప్లీడరు చెబితే అర్థం కాలేదట. డబ్బు కట్టే కంపెనీని అడుగుదామని వచ్చాడు. మేనేజరు నా బల్ల దగ్గరికి పంపారు. అతను బీరువాల మధ్య నన్ను చూసి ఆగిపోయాడు.

"తమరు కోర్టాయన కాదా?"

"కాదు. ఇన్సూరెన్స్."

"ఓహో" అన్నాడు. "మరా పొద్దు సెప్పనేదేటి బాబూ?"

కూర్చోమన్నాను. ఈసారి కూర్చున్నాడు. తీర్పులో ఆ పేరా తెలుగులో చదివి చెప్పాను. చివరిదాకా విన్నాడు.

"నాను కర్ర బయటొగ్గీసి ఎల్లినట్టు అందులో రాయనేదా?"

"లేదు."

"తమరు సూసినారు కదా."

చూశానన్నాను. హైకోర్టుకి అప్పీలు చేసుకోవచ్చనీ, గడువు ఇంకా నలభై రోజులుందనీ చెప్పాను. ఎదుటి పక్షానికి అది చెప్పడం కూడా నా పని కాదు. అప్పటికి ఆ పట్టింపు కాస్త సడలింది. సడలవలసిన రోజు వెళ్లిపోయాక సడలితే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

అతను ఆలోచించాడు. "ఐదరాబాదులో జడ్జీగారు నన్ను పిలిసి సూత్తారా?"

"పిలవరు. ఇక్కడి కాగితాలు చూసి తీర్పు చెబుతారు."

"ఆ కాగితాల్లో నాను బాగానే నడిసినాను కదా బాబూ" అన్నాడు. కోపంగా అనలేదు. హైకోర్టు వకీళ్లు చాలామంది అప్పీలు వేశాక గ్రహించే సంగతి అతనికి అక్కడే తట్టింది, అంతే. లేచి నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. అప్పీలు దాఖలు కాలేదు.

ఆ నలభై రోజుల్లో నేను ఒక అఫిడవిట్ ఇవ్వగలిగేవాణ్ణి. వరండాలో ఏం చూశానో రాసి, సంతకం పెట్టి, అతని ప్లీడరుకి అందిస్తే అప్పీల్లో పెట్టుకునేవారు. ఉద్యోగం పోయేదేమో, పోయేది కాదేమో. అంతదాకా తెచ్చుకోలేదు గనక ఖాయంగా చెప్పలేను.

ఆ తర్వాతి పదేళ్లూ ఆ సీట్లో ఉన్నంత కాలం, గాయపడ్డవాళ్ల కేసుల్లో నేను రాసే రిపోర్టుల చివర ఒక పేరా చేర్చేవాణ్ణి. మనిషి కోర్టు బయట ఎలా నడిచాడు, దేని ఊతంతో, ఏ పని మానేశాడు. మేనేజర్లు మారారు గాని, అందరూ దాని మీద ఎర్రసిరాతో గీత పెట్టారు. ఒకాయన పక్కన ఇలా రాశారు కూడా: "ఇది అవతలివాళ్లు రుజువు చేసుకోవలసిన విషయం." చట్టప్రకారం ఆయన మాట తప్పు కాదు. నేను రాస్తూ వచ్చాను, వాళ్లు గీస్తూ వచ్చారు. ఆ రాతల వల్ల ఎవరికీ ఒక్క రూపాయి అదనంగా వెళ్లలేదు.

కొత్తగా చేరినవాళ్లకి పాఠం చెప్పమన్నప్పుడు పాలసీ షరతులు, గడువులు, చీటీ ఎప్పుడు అందించాలి, అన్నీ చెప్పేవాణ్ణి. ఈ కేసు నేర్పింది మాత్రం చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను. కోర్టు గుమ్మం బయట జరిగింది, చూసినవాడు లోపలికొచ్చి చెప్పేదాకా జరగనట్టే లెక్క. ఆ చూసినవాడు తరచూ అవతలి పక్షం దగ్గర జీతం తీసుకుంటూ ఉంటాడు.