జిగురమ్మ అచ్చేసిన పెద్దక్షరాలు

ఆమెను ప్రెస్సులో అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ పుస్తకాలు కుడుతూ, అట్టలు అంటిస్తూ ఉండటంతో జిగురమ్మ అన్న పేరే ఖాయమైపోయింది. ప్రెస్సు నడిపే మరిది మాత్రం వదినా అంటాడు, అదీ పనిబడ్డప్పుడు.

అలాంటి జిగురమ్మ ఇంక్‌జెట్ మెషిన్ కొనాలని పట్టుబట్టింది.

"పదీ పాతిక కాపీలకి మెషిన్ ఎవరు తిప్పుతారు వదినా?"

"నీ పెద్ద మెషిన్ మీద కుదరదనే కదా అడుగుతున్నా. దీనికి పేజీ పేజీకీ అచ్చు ప్లేట్లు చేసే పనిలేదు. కంప్యూటర్లో పేజీ ఉంటే చాలు, తిన్నగా కాగితం మీదకి ఇంకు చిమ్మేస్తుంది. ఒక్కటి కావాలంటే ఒక్కటే."

పోరగా పోరగా మెషిన్ వచ్చింది. పనే రాలేదు. "కొత్త కోడలు ఇంకా నిద్ర లేవలేదా?" అని మెషిన్‌ని చూపిస్తూ మరిది రోజూ ఎత్తిపొడుపు.

అప్పుడు వచ్చింది ఒక టీచరమ్మ. చూపు బాగా తక్కువున్న పిల్లలకు చదువు చెబుతుందట. వాళ్ల కోసం సొంతంగా ఒక కథ రాసింది.

"పదకొండు మందండీ. ఒక్కొక్కళ్లకి ఒక్కో సైజు అక్షరం కావాలి. ఒక పాపకైతే నల్లటి పేజీ మీద తెల్లక్షరాలుంటేనే కంటికి ఆనుతుంది. ఏ ప్రెస్సుకెళ్లినా వెయ్యి కాపీలు వేయించుకోమంటున్నారు."

జిగురమ్మ గబగబా కాగితం, పెన్ను అందుకుంది. ఇన్నాళ్లూ తను ఎదురుచూసిన పని నడిచి వచ్చి ఎదుట నిలబడింది.

పది పుస్తకాలు చకచకా వచ్చేశాయి. పాప పుస్తకం దగ్గరే చిక్కొచ్చిపడింది. పేజీ అంతా నలుపు కావడంతో కాగితం ఇంకును తాగేసి, అప్పడంలా వంకర్లు తిరిగింది. మరిది నవ్వుతాడనుకుంది. అతను నవ్వలేదు. ఆ కాగితాన్ని వేళ్ల మధ్య నలిపి చూసి, గోడౌన్ వెతికి ఒక దళసరి కాగితాల కట్ట మోసుకొచ్చాడు.

"ఇది వేసి చూడు. ఒకవైపు బాగా ఆరాకే రెండోవైపు వెయ్యి."

ఇద్దరూ మెషిన్ ముందు వంగి నిలబడ్డారు. పేజీ బయటికొచ్చింది. నున్నగా, నల్లగా, మధ్యలో బొటనవేలంత తెల్లక్షరాలు.

"వదినా, ఇంకోటి వెయ్యి," అన్నాడు మరిది, చిన్నపిల్లాడిలా.

పుస్తకం బల్ల మీద పూర్తిగా విచ్చుకోవాలని జిగురమ్మ దాన్ని జిగురుతో సరిపెట్టక దారంతో కుట్టింది. మర్నాడు పదకొండు పుస్తకాలూ తనే బడికి తీసుకెళ్లింది, మరిది కూడా వెంట వచ్చాడు.

పాప ఎప్పటి అలవాటు చొప్పున పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకుంది. ఆనించుకుని, మెల్లగా దూరం జరిపింది. ఇంకాస్త జరిపింది. నిటారుగా కూర్చుని, వేలు పెట్టకుండా పైకి చదవడం మొదలుపెట్టింది. టీచరమ్మ కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది.

ఇంతలో తరగతిలో గొడవ. కథలో కుక్కపిల్ల తప్పిపోయింది ఎనిమిదో పేజీలో అని ఒకడు, కాదు పదిహేనులో అని ఇంకొకడు. అక్షరాల సైజు మారేసరికి ఎవరి పేజీలు వాళ్లవి అయిపోయాయి.

"నాది నలభైలో," అంది పాప గర్వంగా. "అందరికంటే నాదే లావు పుస్తకం."

మరిది టీచరమ్మ దగ్గరికెళ్లి గొంతు సవరించుకున్నాడు.

"రెండో కథ ఎప్పుడిస్తారండీ?"